కౌలాలంపూర్ నుంచి సింగపూర్: ఎగిరేది ముప్పావు గంటే, మరి సగం రోజు ఎటు పోతోంది?

సింగపూర్–మలేషియా ప్యాకేజీ మన దగ్గర కొత్తేమీ కాదు. పెళ్లయిన కొత్త జంటలు, పిల్లల వేసవి సెలవుల్లో కుటుంబాలు, రిటైరయిన పెద్దవాళ్లు ఒకే ట్రిప్పులో రెండు దేశాలూ చూసి వస్తున్నారు. ఉద్యోగాల కోసం వెళ్లేవాళ్లు సరేసరి. ఈ రెండు ఊళ్ల మధ్య ప్రయాణం గురించి ఎవరిని అడిగినా వచ్చే జవాబు ఒకటే. "అరే, పక్కపక్కనే కదా. ముప్పావు గంట ఫ్లైట్."

మాట అబద్ధం కాదు. కానీ ఆ ముప్పావు గంటను నమ్మి ప్లాన్ వేసుకున్నవాళ్లలో కొందరు తర్వాతి విమానం మిస్సయి, కౌంటర్ దగ్గర కొత్త టికెట్ డబ్బులు కట్టాల్సి వస్తోంది. అందుకే దూరం ఎంత, గాల్లో ఎంతసేపు, టికెట్ మీద రాసిన టైమ్ ఎంత, ఇంటి గుమ్మం నుంచి హోటల్ గుమ్మం దాకా ఎంత అన్నవి నాలుగు వేర్వేరు లెక్కలని తెలుసుకోవడం అవసరం. ఒక్కొక్కటిగా చూద్దాం.

దూరం ఎంత?

దూరం అనే మాటకే ఇక్కడ మూడు అర్థాలున్నాయి.

మొదటిది ఊరికీ ఊరికీ మధ్య దూరం. కౌలాలంపూర్ నడిబొడ్డు నుంచి సింగపూర్ నడిబొడ్డుకు తిన్నగా గీత గీస్తే సుమారు 315 కి.మీ. రెండోది ఎయిర్‌పోర్ట్‌కూ ఎయిర్‌పోర్ట్‌కూ మధ్య దూరం. కౌలాలంపూర్ అంతర్జాతీయ విమానాశ్రయం (అక్కడివాళ్లు కేఎల్‌ఐఏ అంటారు) నుంచి సింగపూర్ చాంగి విమానాశ్రయానికి సుమారు 297 కి.మీ. మూడోది రోడ్డు దూరం, దాదాపు 350 కి.మీ. మన లెక్కలో చెప్పాలంటే హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి, ఇంకో డెబ్బై ఎనభై కిలోమీటర్లు ముందుకు పోయినంత.

ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఊళ్ల మధ్య దూరం కంటే ఎందుకు తక్కువ? కేఎల్‌ఐఏ కౌలాలంపూర్‌లో లేదు కాబట్టి. ఊరికి దక్షిణాన సెపాంగ్‌లో, సిటీ నుంచి 50 కి.మీ.కు పైగా దూరంలో ఉంది. అంటే ఎయిర్‌పోర్టుకు వెళ్లేసరికే మీరు సింగపూర్ వైపు కొంత దూరం వచ్చేసినట్టు. శంషాబాద్ నుంచి బెంగళూరు ఫ్లైట్ ఎక్కేవాళ్లు సికింద్రాబాద్ నుంచి శంషాబాద్ దాకా ముందే దక్షిణానికి వచ్చేస్తారు కదా, అలాగన్నమాట.

విమాన దూరం లెక్క ఎలా కడతారో కూడా చూద్దాం. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని ఉపరితలం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారిని లెక్కలోకి తీసుకుంటారు. కేఎల్‌ఐఏ భూమధ్యరేఖకు ఉత్తరంగా 2.75 డిగ్రీల దగ్గర, చాంగి 1.35 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఒక్కో డిగ్రీ దాదాపు 111 కి.మీ. కాబట్టి కిందికి దిగేది 155 కి.మీ. ఇక తూర్పు వైపు తేడా 2.28 డిగ్రీలు, అంటే సుమారు 254 కి.మీ. పదో తరగతిలో చదివిన పైథాగరస్ సూత్రం వేస్తే వచ్చేది 297 లేదా 298. ఇంత చిన్న దూరానికి భూమి వంపు పెద్దగా తేడా చూపించదు. హైదరాబాద్ నుంచి అమెరికా లాంటి దూరాలకైతే ఈ సులువు లెక్క పనికిరాదు.

విమానయాన రంగంలో ఇదే దూరాన్ని 160 నాటికల్ మైళ్లు అంటారు. ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ. ఏ వెబ్‌సైట్‌లోనైనా 160, 185, 297 అని మూడు రకాల అంకెలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. నాటికల్ మైళ్లు, మామూలు మైళ్లు, కిలోమీటర్లు అనే తేడానే తప్ప దూరం ఒకటే.

మరి టైమ్ ఎంత?

జెట్ విమానం పూర్తి వేగం అందుకుంటే గంటకు సుమారు 830 కి.మీ. పోతుంది. ఆ లెక్కన 297 కి.మీ.కి 21, 22 నిమిషాలు చాలు. కానీ అది కాగితం మీది లెక్క.

ఆన్‌లైన్‌లో దూరాలు చెప్పే కాలిక్యులేటర్లు చాలా వరకు ఒక సగటు వేగంతో భాగించి, టేకాఫ్‌కూ ల్యాండింగ్‌కూ కలిపి ఒక అరగంట జోడిస్తాయి. అందుకే వాటిల్లో "50 నిమిషాలు", "52 నిమిషాలు" లాంటి జవాబులు వస్తుంటాయి. అందులో ఆ రోజు గాలి, వాన, రన్‌వే మీద క్యూ ఏవీ ఉండవు.

నిజంగా జరిగేది ఇది. విమానం పైకెక్కడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. దిగడానికీ అంతే. ఇంత చిన్న రూట్లో పైకెక్కడం అయిపోగానే దిగడం మొదలవుతుంది. మధ్యలో పూర్తి వేగంతో తిన్నగా పోయే సమయం చాలా కొద్దిసేపే. ఎయిర్ హోస్టెస్ మంచినీళ్లు ఇచ్చేలోపు "సీట్ బెల్ట్ పెట్టుకోండి" అని అనౌన్స్‌మెంట్ వస్తుంది. మొత్తం మీద చక్రాలు నేలను వదిలినప్పటి నుంచి మళ్లీ నేలను తాకేదాకా 40 నుంచి 45 నిమిషాలు. మనవాళ్లు చెప్పే "ముప్పావు గంట" ఇదే.

టికెట్ మీద మాత్రం గంటా పది నిమిషాలు, కొన్నిసార్లు ఇంకాస్త ఎక్కువ రాసి ఉంటుంది. ఇందులో మోసం ఏమీ లేదు. ఎయిర్‌లైన్స్ టికెట్ మీద రాసేది గాల్లో ఉన్న సమయం కాదు. గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయం. దాన్ని "బ్లాక్ టైమ్" అంటారు. విమానం కదలకుండా చక్రాల కింద పెట్టే దిమ్మలు తీసినప్పుడు మొదలై, మళ్లీ పెట్టినప్పుడు ముగుస్తుంది కాబట్టి ఆ పేరు. రెండు ఎయిర్‌పోర్టులూ పెద్దవి. గేటు నుంచి రన్‌వే దాకా పోవడానికే పది, పదిహేను నిమిషాలు పడుతుంది. రద్దీగా ఉంటే ముందున్న విమానాలు లేచేదాకా ఆగాలి. దిగేటప్పుడు కూడా తిన్నగా వచ్చి దిగడం ఉండదు. కంట్రోలర్ చెప్పిన దారిలో తిరిగి రావాలి, ఒక్కోసారి గాల్లోనే రౌండ్లు కొట్టాలి.

ఈ రూట్ రద్దీ గురించి ఒక్క ముక్క చెబితే అర్థమవుతుంది. విమానయాన లెక్కలు చూసే ఓఏజీ సంస్థ 2018లో ఇచ్చిన నివేదికలో ప్రపంచంలో అత్యంత ఎక్కువ విమానాలు తిరిగే అంతర్జాతీయ రూట్ కౌలాలంపూర్–సింగపూర్. ఏడాదికి 30 వేలకు పైగా విమానాలు, రోజుకు ఎనభై దాటి. లండన్, న్యూయార్క్, దుబాయ్ రూట్లన్నీ దీని తర్వాతే.

వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే టైమ్ ఎందుకు?

గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు ఒక విషయం గమనించే ఉంటారు. హైదరాబాద్ నుంచి జిద్దాకో దుబాయ్‌కో వెళ్లేటప్పుడు ఎక్కువసేపు, తిరిగి వచ్చేటప్పుడు తక్కువసేపు పడుతుంది. చలికాలంలో ఆ తేడా బాగా తెలుస్తుంది. కారణం ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలంగా వీచే జెట్ గాలులు. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుక నుంచి తోసే గాలి.

కౌలాలంపూర్, సింగపూర్ రెండూ భూమధ్యరేఖకు అతి దగ్గర. సింగపూర్ నుంచి భూమధ్యరేఖ 150 కి.మీ. లోపే. ఆ జెట్ గాలులు ఇక్కడ ఉండవు. పైగా విమానం ఎక్కువసేపు ఎత్తులో ఉండనే ఉండదు. అందుకే రెండు వైపులా దాదాపు ఒకే టైమ్.

ఇక్కడ ఆలస్యాలకు అసలు కారణం ఉరుముల వాన. మధ్యాహ్నం దాటాక మేఘాలు పట్టి గంటసేపు కుండపోత కురవడం అక్కడ మామూలే. ఏప్రిల్ నుంచి నవంబర్ మధ్య తెల్లవారుజామున, ఉదయం పూట సుమత్రా వైపు నుంచి మలక్కా జలసంధి దాటి ఈదురుగాలుల వానలు వస్తుంటాయి. వాటిని "సుమత్రా స్క్వాల్" అంటారు. ఎయిర్‌పోర్ట్ మీద పిడుగుల హెచ్చరిక ఉంటే బయట సామాను ఎక్కించే సిబ్బందిని లోపలికి పిలిచేస్తారు. విమానం రెడీగా ఉన్నా సామాను ఎక్కదు, కాబట్టి కదలదు. ముప్పావు గంట ఫ్లైట్‌కు గంట ఆలస్యం ఇలా అవుతుంది.

గడియారం లెక్క

కౌలాలంపూర్, సింగపూర్ మధ్య టైమ్ తేడా లేదు. రెండూ మనకంటే రెండున్నర గంటలు ముందుంటాయి. హైదరాబాద్‌లో ఉదయం 8 అయితే అక్కడ 10.30.

దీని వెనుక ఒక చిన్న చరిత్ర ఉంది. 1981 చివరి దాకా మలేషియా ద్వీపకల్ప భాగం, సింగపూర్ రెండూ ఇప్పటికంటే అరగంట వెనుక ఉండేవి. మలేషియాలోని సబా, సరవాక్ రాష్ట్రాలు మాత్రం అరగంట ముందుండేవి. దేశమంతా ఒకే టైమ్ ఉండాలని మలేషియా 1982 జనవరి 1న గడియారాన్ని అరగంట ముందుకు జరిపింది. వ్యాపారం, రాకపోకలు ఒకటే కాబట్టి సింగపూర్ కూడా అదే రోజు మార్చుకుంది. సూర్యుడి లెక్కన చూస్తే ఈ రెండు ఊళ్లు ఇంకో గంట వెనుక ఉండాలి. అందుకే అక్కడ ఏడాది పొడవునా ఉదయం ఏడింటికి అటూ ఇటూగా తెల్లవారుతుంది, సాయంత్రం ఏడింటికి పొద్దు గూకుతుంది. ఉదయం 6.30కి టాక్సీ అంటే చీకట్లో బయల్దేరాలి.

ఇదే ప్రాంతంలో ఇంకో ఊరికి వెళితే మాత్రం గడియారం మోసం చేస్తుంది. సింగపూర్ నుంచి జకార్తా తీసుకోండి. దూరం సుమారు 880 కి.మీ. ఫ్లైట్ గంటా యాభై నిమిషాలు అనుకుందాం. జకార్తా గడియారం సింగపూర్ కంటే గంట వెనుక. సింగపూర్‌లో ఉదయం 8కి ఎక్కితే జకార్తాలో 8.50కి దిగినట్టు టికెట్ మీద ఉంటుంది. తిరుగు ప్రయాణంలో జకార్తాలో 8కి ఎక్కితే సింగపూర్‌లో 10.50 అవుతుంది. చూడ్డానికి వెళ్లేది 50 నిమిషాలు, వచ్చేది 2 గంటల 50 నిమిషాలు. గాల్లో ఉన్నది మాత్రం రెండుసార్లూ ఒకే సమయం. బ్యాంకాక్ కూడా సింగపూర్ కంటే గంట వెనుకే. టికెట్ మీద ఉండే టైములన్నీ ఆయా ఊళ్ల స్థానిక టైములే అని గుర్తుంచుకుంటే ఈ గందరగోళం ఉండదు.

అసలు లెక్క: గుమ్మం నుంచి గుమ్మానికి

ఇప్పుడు ప్రయాణికుడి జేబుకీ ఓపికకీ సంబంధించిన లెక్క. కౌలాలంపూర్ సిటీ మధ్యలో హోటల్ నుంచి సింగపూర్ సిటీ మధ్యలో హోటల్‌కు వెళ్లాలి అనుకుందాం.

హోటల్ నుంచి కేఎల్‌ఐఏకి రోడ్డు మీద దాదాపు గంట. కేఎల్ సెంట్రల్ స్టేషన్ నుంచి కేఎల్‌ఐఏ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే టెర్మినల్ 1కి 28 నిమిషాలు, టెర్మినల్ 2కి 33 నిమిషాలు. కానీ హోటల్ నుంచి కేఎల్ సెంట్రల్‌కు వెళ్లే టైమ్ కలపాలి. అంతర్జాతీయ ప్రయాణం కాబట్టి రెండు గంటల ముందు చేరాలి. విమానం గంటా పది నిమిషాలు. చాంగిలో దిగి ఇమిగ్రేషన్, సామాను ముగించేసరికి అరగంట నుంచి ముప్పావు గంట. అక్కడి నుంచి సిటీకి మెట్రోలోనో టాక్సీలోనో ఇంకో అరగంట, నలభై నిమిషాలు.

కూడండి. ఒక గంట, రెండు గంటలు, గంటా పది, ముప్పావు గంట, నలభై నిమిషాలు. మొత్తం ఐదున్నర గంటలు దాటింది. ఇందులో గాల్లో ఉన్నది ముప్పావు గంట మాత్రమే.

ఇప్పుడు బస్సు. కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కు మంచి కోచ్ బస్సులు నడుస్తాయి. హైవే బాగుంటుంది. మామూలు రోజుల్లో సరిహద్దుతో కలిపి ఐదారు గంటలు. అంటే విమానంతో దాదాపు సమానం, టికెట్ మాత్రం సాధారణంగా తక్కువ. అయితే సరిహద్దు సంగతి తెలిసుండాలి. మలేషియా వైపు జొహోర్ బహ్రూలో సామానుతో దిగి ఎగ్జిట్ స్టాంప్, మళ్లీ బస్సెక్కి వంతెన దాటాక సింగపూర్ వైపు వుడ్‌లాండ్స్‌లో ఇంకోసారి దిగి ఎంట్రీ. రెండు చోట్ల క్యూ. 1924లో తెరిచిన ఆ కాజ్‌వే పొడవు కిలోమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. కానీ శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం, పండగలప్పుడు, స్కూలు సెలవుల్లో ఆ ఒక్క కిలోమీటరు దాటడానికి గంటలు పడుతుంది. పడమర వైపు టువాస్ దగ్గర 1998లో రెండో వంతెన కట్టారు. కొన్ని బస్సులు అటు నుంచి వెళతాయి.

రైలు విషయానికొస్తే, ఒకప్పుడు మలేషియా రైలు సింగపూర్ సిటీలోని తంజోంగ్ పగార్ స్టేషన్ దాకా వెళ్లేది. 2011 జూలై 1 నుంచి ఆ స్టేషన్ మూతపడింది. ఇప్పుడు జొహోర్ బహ్రూ నుంచి వుడ్‌లాండ్స్ దాకా ఐదు నిమిషాల షటిల్ రైలు ఉంది. ఇదే చోట కొత్తగా 4 కి.మీ. మెట్రో లింకు కడుతున్నారు. 2026 చివరికల్లా నడపాలని రెండు ప్రభుత్వాల లక్ష్యం.

ఆగిపోయిన బుల్లెట్ రైలు చెప్పే పాఠం

ఇంత చిన్న దూరానికి విమానం సరైన సాధనమేనా అన్న ప్రశ్న అక్కడి ప్రభుత్వాలకూ వచ్చింది. 2016 డిసెంబర్‌లో రెండు దేశాలు హైస్పీడ్ రైలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 350 కి.మీ., 90 నిమిషాల ప్రయాణం. విమానం గంటా పది నిమిషాలైతే రైలు గంటన్నర. చూడటానికి రైలే ఆలస్యం. కానీ స్టేషన్లు ఊళ్లోనే ఉంటాయి. 50 కి.మీ. బయటికి పోనక్కర్లేదు, సామాను బెల్టు దగ్గర నిలబడక్కర్లేదు. గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క వేస్తే రైలే గెలుస్తుంది. ముంబై–అహ్మదాబాద్ బుల్లెట్ రైలు వెనుక ఉన్న ఆలోచనా ఇదే.

అయితే ప్రాజెక్టులో మార్పుల మీద రాజీ కుదరక 2020 డిసెంబర్ 31తో ఒప్పందం రద్దయింది. అప్పటికే పెట్టిన ఖర్చుకు పరిహారంగా మలేషియా 10 కోట్ల 28 లక్షల సింగపూర్ డాలర్లు చెల్లించింది. ప్రయాణికుడు మళ్లీ విమానం, బస్సు దగ్గరికే వచ్చాడు.

300 కి.మీ.కి ఇంత టికెట్టా?

"హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ 3 వేల కి.మీ. అక్కడి నుంచి సింగపూర్ అందులో పదో వంతు. మరి టికెట్ కూడా పదో వంతు ఉండాలి కదా?" అని చాలామంది అడుగుతారు. బీకాంలో చదివే ఫిక్స్‌డ్ కాస్ట్, వేరియబుల్ కాస్ట్ లెక్క ఇక్కడ పనికొస్తుంది.

విమానం 300 కి.మీ. పోయినా 3 వేల కి.మీ. పోయినా కొన్ని ఖర్చులు మారవు. ల్యాండింగ్ ఛార్జీలు, సామాను దించే ఎక్కించే సిబ్బంది, చెకిన్ కౌంటర్, ప్రయాణికుల మీద ఎయిర్‌పోర్ట్ వసూలు చేసే ఫీజు ఇవన్నీ ఉంటాయి. ఇంధనం కూడా పైకెక్కేటప్పుడే బాగా తాగుతుంది. తర్వాత తిన్నగా పోయేటప్పుడు తక్కువ. చిన్న రూట్లో ఎక్కడమే ఎక్కువ భాగం కాబట్టి కిలోమీటరుకు ఇంధన ఖర్చు పెరుగుతుంది. ఆటోలో మొదటి కిలోమీటరుకు మినిమం ఛార్జీ ఉన్నట్టే.

ధరలు కొంతైనా దిగొచ్చాయంటే దానికి కారణం పోటీ. చాలా ఏళ్ల పాటు ఈ రూట్ సింగపూర్ ఎయిర్‌లైన్స్, మలేషియా ఎయిర్‌లైన్స్ చేతుల్లోనే ఉండేది. నిజానికి ఈ రెండూ ఒకప్పుడు ఒకే కంపెనీ, 1972లో విడిపోయాయి. 2008లో చవక ఎయిర్‌లైన్స్‌కు ఈ దారి తెరిచాకే ఎయిర్ ఏషియా, టైగర్ లాంటివి వచ్చాయి, సామాన్యుడు కూడా ఎక్కగలిగాడు.

కానీ చవక టికెట్‌లో చిన్న అక్షరాలు చదవాలి. చేతి సామాను కొన్నింటిలో 7 కిలోలు, కొన్నింటిలో 10 కిలోలు మాత్రమే. పెద్ద బ్యాగుకు వేరే డబ్బు. అది ముందే ఆన్‌లైన్‌లో కడితే తక్కువ, కౌంటర్ దగ్గర కడితే చాలా ఎక్కువ. నలుగురు కుటుంబ సభ్యులు, నాలుగు సూట్‌కేసులు అయితే బ్యాగుల ఖర్చే టికెట్ అంత కావచ్చు. అన్నీ కలిపాకే బస్సుతో పోల్చి చూడాలి.

ఇక్కడే దెబ్బ తింటున్నారు

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. హైదరాబాద్–కౌలాలంపూర్ ఒక ఎయిర్‌లైన్‌లో, కౌలాలంపూర్–సింగపూర్ ఇంకో ఎయిర్‌లైన్‌లో విడివిడిగా టికెట్లు కొంటారు. విడిగా కొంటే కొంత మిగులుతుందని. మధ్యలో రెండున్నర గంటలు ఉన్నాయి, ముప్పావు గంట ఫ్లైటే కదా అనుకుంటారు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. మీ విమానం కేఎల్‌ఐఏ టెర్మినల్ 1లో ఉదయం 7కి దిగుతుంది. తర్వాతి విమానం టెర్మినల్ 2 నుంచి 9.30కి. దిగి గేటుకు వచ్చేసరికి 7.15. నడిచి ఇమిగ్రేషన్ చేరి, క్యూ దాటేసరికి 8.15. బెల్టు మీద సామాను వచ్చేసరికి 8.30. టెర్మినల్ 2 వేరే బిల్డింగ్, నడిచి పోయే దూరం కాదు. రైలో షటిల్ బస్సో ఎక్కి చేరేసరికి 8.50. అంతర్జాతీయ విమానాలకు బ్యాగులు తీసుకునే కౌంటర్ సాధారణంగా గంట ముందు, అంటే 8.30కే మూసేస్తారు. విమానం ఇంకా గేటు దగ్గరే ఉంటుంది, మీరు ఎయిర్‌పోర్ట్‌లోనే ఉంటారు. అయినా ఎక్కనివ్వరు. పైగా ఇది మొదటి విమానం టైముకు వస్తేనే.

రెండు టికెట్లు విడివిడిగా ఉన్నప్పుడు మొదటి విమానం ఆలస్యమైనా రెండో ఎయిర్‌లైన్‌కు బాధ్యత లేదు. వాళ్ల లెక్కలో మీరు "రాలేదు", అంతే. కొత్త టికెట్ ఆ రోజు ధరకు కొనాలి. నలుగురున్న కుటుంబమైతే నాలుగు టికెట్లు. మిగుల్చుకున్నది పోయి, పైనుంచి చేతి డబ్బు పడుతుంది. అదే ఒకే బుకింగ్‌లో, ఒకే పీఎన్‌ఆర్ కింద కొంటే సామాను తిన్నగా సింగపూర్ చేరుతుంది. కనెక్షన్ తప్పితే తర్వాతి విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడిగానే కొనాలనుకుంటే మధ్యలో కనీసం ఐదు గంటలు పెట్టుకోండి. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే ఆ రాత్రి కౌలాలంపూర్‌లోనే ఉండి, మర్నాడు వెళ్లడం మేలు.

ఇంకో విషయం, వీసా. విడి టికెట్లయితే సామాను కోసం మీరు మలేషియాలోకి అధికారికంగా అడుగుపెట్టాలి. 2023 డిసెంబర్ 1 నుంచి భారతీయులకు 30 రోజుల దాకా వీసా లేకుండా మలేషియా అనుమతిస్తోంది. ఆ సదుపాయానికి గడువు తేదీలు ఉంటాయి కాబట్టి మీ ప్రయాణ తేదీకి అమల్లో ఉందో లేదో అధికారిక సైట్‌లో చూసుకోవాలి. వీసా అక్కర్లేకపోయినా డిజిటల్ అరైవల్ కార్డు చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపాలి. సింగపూర్‌కు మాత్రం భారత పాస్‌పోర్టు మీద వెళ్లేవాళ్లకు ముందే వీసా కావాలి. బస్సులో వెళ్లినా అంతే. "పక్క దేశమే కదా, బార్డర్‌లో ఇస్తారు" అనుకుంటే వుడ్‌లాండ్స్ నుంచి వెనక్కి పంపేస్తారు. సింగపూర్ అరైవల్ కార్డు కూడా మూడు రోజుల లోపల నింపాలి, దానికి డబ్బులు లేవు. ఫీజు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని తెలుసుకోండి.

ఏది ఎంచుకోవాలి?

కౌలాలంపూర్ ఊళ్లో ఉండి, సామాను తక్కువగా ఉండి, సెలవు కాని రోజున వెళ్లేవాళ్లకు బస్సు మంచిదే. దారిలో మలక్కా చూడాలనుకుంటే ఇంకా మంచిది, అది ఈ రెండు ఊళ్ల మధ్యే ఉంది. శుక్రవారం సాయంత్రమో, పండగ సెలవుల్లోనో అయితే విమానం వైపు మొగ్గండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళితే సరిహద్దులో సామానుతో రెండుసార్లు దిగి ఎక్కడం కష్టం. విమానంలో వీల్‌చెయిర్ అడగొచ్చు, కానీ బుకింగ్ అప్పుడే చెప్పాలి. ఎలాగూ కేఎల్‌ఐఏలో దిగి వెంటనే సింగపూర్ వెళ్లేవాళ్లకు ఒకే టికెట్ మీద కనెక్టింగ్ విమానమే సరైనది. ఇంకా వీలైతే హైదరాబాద్ నుంచి నేరుగా సింగపూర్ వెళ్లి, తిరుగు ప్రయాణం కౌలాలంపూర్ నుంచి పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి సింగపూర్ సుమారు 3,300 కి.మీ., నాలుగున్నర గంటల ప్రయాణం. అలా చేస్తే రెండు ఊళ్ల మధ్య ఒక్కసారే తిరిగితే చాలు, వెళ్లిన దారినే వెనక్కి రావాల్సిన పని ఉండదు.

ట్రావెల్ ఏజెంట్ దగ్గర కూర్చున్నప్పుడు "ఫ్లైట్ ఎంతసేపు?" అని అడిగి ఊరుకోవద్దు. ఒకే పీఎన్‌ఆరా, రెండా? ఏ టెర్మినల్‌లో దిగుతాం, ఏ టెర్మినల్‌లో ఎక్కుతాం? బ్యాగు మళ్లీ మనమే తీసుకోవాలా? కౌంటర్ ఎన్నింటికి మూస్తారు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.